చెమట పడితే ఫ్లూట్ గడ్డం మీద నిలవట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఉగాది దాటిందంటే చాలు ఫ్లూట్ నేర్చుకునేవాళ్ళందరిదీ ఒకటే గోల, జారిపోతోంది సార్ అని. అదీ శ్రీరామనవమి పందిళ్ళలో ప్రోగ్రాం ఒప్పుకున్నవాళ్ళయితే మరీ ఎక్కువ. ఇక్కడ ఎక్కువగా మన కర్ణాటక వెదురు ఫ్లూట్ గురించే రాస్తున్నా, మధ్యలో హిందుస్తానీ బాన్సురీ, వెస్టర్న్ వాళ్ళ సిల్వర్ ఫ్లూట్ కూడా వస్తాయి.

చలికాలంలో బానే ఉంటుంది, ఎండాకాలంలోనే ఎందుకు జారుతుంది?

చెమట వల్లే, అది అందరికీ తెలిసిందే, కానీ చెమట ఒక్కటే కాదు. కింది పెదవి కింద చిన్న గుంట ఉంటుంది చూడండి, ఫ్లూట్ ఆనేది అక్కడ. ముఖం మీద నూనె, చెమట రెండూ కలిసి అక్కడికే దిగి ఆగుతాయి. పైగా ఊదే రంధ్రం చుట్టూ వెదురు నున్నగా ఉంటుంది, కొంతమంది మేకర్లు వార్నిష్ కూడా వేస్తారు, ఇంక పట్టు ఎక్కడుంటుంది చెప్పండి. ఊరిని బట్టి కూడా తేడా ఉంది. హైదరాబాదులో ఎండ మండిపోయినా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట కొంచెం ఆరుతుంది, విజయవాడ, వైజాగ్, కాకినాడ వైపు ఉక్కపోతకి పట్టిన చెమట పట్టినట్టే ఉండిపోతుంది. అందుకే హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ వాయించేవాళ్ళు మొదటి కీర్తనకే ఇబ్బంది పడుతుంటారు.

గడ్డానికి గట్టిగా నొక్కి పట్టుకుంటే సరిపోదా?

అందరూ మొదట చేసే పని అదే, అస్సలు చెయ్యకూడని పని కూడా అదే. గట్టిగా నొక్కితే కింది పెదవి వెళ్ళి పళ్ళకి ఒత్తుకుంటుంది, పెదవి కదలదు, గాలి దారి సన్నబడిపోతుంది, మంద్రస్థాయి (కింది స్వరాలు) అసలు పలకదు, తారస్థాయి (పై స్వరాలు) కీచుమంటుంది. అరగంటకి చిగురు నొప్పి మొదలవుతుంది. ఇంత చేసినా జారడం ఆగదు, ఎందుకంటే తడి చర్మం మీద ఎంత నొక్కితే అంత పక్కకి తప్పుకుంటుంది తప్ప అతుక్కోదు.

గోడకి ఆనించిన నిచ్చెన ఉంది అనుకోండి, దాన్ని మోసేది గోడ కాదు, నేల మీద ఉన్న కాళ్ళు. కాళ్ళు జారితే గోడ ఎంత గరుకుగా ఉన్నా నిచ్చెన కిందకొస్తుంది. ఫ్లూట్‌కి గడ్డం ఆ గోడ లాంటిది, ఊరికే ఆనుకోడానికి. మోసే పని చేతులది. చెమట పట్టినప్పుడే జారుతోంది అంటే మామూలప్పుడు కూడా మీరు గడ్డంతోనే మోస్తున్నారని, ఆ సంగతి ఇన్నాళ్ళూ పొడి చర్మం దాచిపెట్టిందని అర్థం.

మరి చేతులతో ఎలా పట్టుకోవాలి?

మూడు చోట్ల ఆనాలి. ఎడమచేతి చూపుడు వేలు మొదలు, అంటే అరచేతికి దగ్గరగా ఉండే కణుపు వైపు భాగం, ఫ్లూట్‌ని మెల్లగా మీ వైపుకి తోస్తుంది. కుడిచేతి బొటనవేలు కింద నుంచి కొంచెం ముందుకి, అంటే మీ నుంచి దూరంగా తోస్తుంది. ఈ రెండు తోపులూ ఒకదానికొకటి ఎదురు, మధ్యలో గడ్డం ఊరికే ఆనిక. ఇది కుదిరిందంటే గడ్డం మీద బరువేమీ పడదు, చెమట ఉన్నా లేకపోయినా పెద్ద తేడా తెలీదు.

చాలామంది కుడి బొటనవేలుని బాగా ఎడమవైపుకి జరిపేసి చిటికెన వేలు అందక అవస్థ పడుతుంటారు, ఆ వేలు అందుకోడానికి చెయ్యి మెలితిప్పినప్పుడల్లా ఫ్లూట్ గుండ్రంగా తిరుగుతుంది. బొటనవేలు చూపుడు వేలి కింద గానీ, చూపుడు మధ్య వేళ్ళ మధ్యలో గానీ ఉంటే చాలు. చెయ్యి సైజుని బట్టి ఒక వెంట్రుక అటూ ఇటూ, దానికి లెక్కల్లేవు.

సార్, నాకు అన్ని స్వరాలూ బానే ఉంటాయి, గాంధారం దగ్గరే జారుతుంది. ఎందుకు?

మంచి ప్రశ్న, అసలు విషయం అంతా ఇక్కడే ఉంది. మన కర్ణాటక ఫ్లూట్‌కి ఊదే రంధ్రం కాక 8 హోల్స్ ఉంటాయి, వేళ్ళు పనిచేసేది 7 మీద, చివరిది తెరిచే ఉంటుంది. షడ్జమానికి (స) పైన రెండు వేళ్ళు మూస్తాం, చతుశ్రుతి రిషభానికి (రి) ఒక వేలు, అంతర గాంధారానికి (గ) అన్నీ తెరిచెయ్యాలి. అంటే గాంధారం పలికే ఆ క్షణంలో ఫ్లూట్ పైన ఒక్క వేలు కూడా లేదు. ఉన్నది కింద బొటనవేళ్ళు, ఎడమచేతి కణుపు, గడ్డం, అంతే. దాంట్లో గడ్డం తడిగా ఉంటే ఇంకేముంది.

ఇంకా చిక్కేంటంటే గాంధారం నుంచి మధ్యమానికి వెళ్ళేటప్పుడు ఖాళీగా ఉన్న వేళ్ళు గుంపుగా ఒక్కసారి పడతాయి, ఆ దెబ్బకి ఫ్లూట్ కిందకీ లోపలికీ ఒరుగుతుంది. మనం సరళీ వరసలు, అంటే మొదటి పాఠాలు, నేర్చుకునేదే మాయామాళవగౌళ రాగంలో, అందులో ఉండేది అంతర గాంధారమే, అంటే మొదటి రోజు నుంచే అందరికీ ఈ గండం ఉంది. మోహన రాగంలో అయితే గాంధారం మీద నిలబడి చాలాసేపు పలికించాలి, అక్కడ దొరికిపోతారు.

బాన్సురీ వాయించేవాళ్ళకి అన్నీ తెరిస్తే వచ్చేది తీవ్ర మధ్యమం, అందుకే వాళ్ళు ఆ స్వరం ఉండే యమన్ రాగం వాయించేటప్పుడు ఇదే మాట అంటారు. సిల్వర్ ఫ్లూట్‌లో సి షార్ప్. వాయిద్యం ఏదైనా జారేది మాత్రం ఖాళీ స్వరం దగ్గరే.

దీనికి నేను చెప్పేది రెండు. ఒకటి, గాంధారం పలికేటప్పుడు కుడి చిటికెన వేలుని గాల్లో లేపకుండా 7వ హోల్ పక్కన వెదురు మీద ఆనించి పెట్టండి. అక్కడ చోటు లేకపోతే ఆ 7వ హోల్‌నే మూసేసినా పెద్దగా శ్రుతి మారదు, పైన అన్ని హోల్స్ తెరిచి ఉన్నాయి కదా, గాలి పైనే బయటికి పోతుంది. మీ ఫ్లూట్‌లో ఎంత మారుతుందో తంబూరా పెట్టుకుని చెవితో చూస్కోండి. రెండు, గ మ గ మ అని బాగా నెమ్మదిగా, వేళ్ళు కొట్టకుండా, వెదురుకి దగ్గరగా ఉంచి దించుతూ సాధన. వేలు ఎంత ఎత్తు నుంచి పడితే ఫ్లూట్ అంత కదులుతుంది.

ఇంట్లో ఏసీలో సాధన చేస్తా, స్టేజ్ మీద మాత్రం జారుతుంది. ఎలా అలవాటు చేసుకోవాలి?

గడ్డం తడిపి సాధన చెయ్యండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. కాసిని నీళ్ళు గడ్డానికి రాసుకుని, సరళీ వరసలు ఒకటో కాలం, అంటే అన్నిటికంటే నెమ్మదిగా. జారిన ప్రతిసారీ గడ్డం వైపు నొక్కాలనిపిస్తుంది, నొక్కకుండా ఆగి బొటనవేలు ఎక్కడుందో చూస్కోండి. ఏసీ ఆపేసి కూడా రోజూ కాసేపు వాయించడం మంచిది, అయితే మంచినీళ్ళు పక్కన పెట్టుకోండి, కళ్ళు తిరిగేదాకా తెచ్చుకోవద్దు.

శ్రుతి పోతోంది. అది జారడం వల్లా, ఎండ వేడి వల్లా?

రెండూ ఉంటాయి, విడదీసి చూడాలి. వేడికి గాలిలో శబ్దం వేగం పెరుగుతుంది, 20 డిగ్రీల దగ్గర సెకనుకి 343 మీటర్లు ఉండేది 40 దగ్గర సుమారు 355 అవుతుంది, దాంతో ఫ్లూట్ శ్రుతి పైకి పోతుంది. లోపల గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కితే దాదాపు 3 సెంట్లు, 100 సెంట్లు అంటే పక్క స్వరస్థానం, ఇప్పుడు మీరే లెక్కేస్కోండి. ఎలక్ట్రానిక్ శ్రుతి బాక్స్‌కి ఎండ తగలదు కదా, అది ఉన్నచోటే ఉంటుంది.

గుర్తు ఏంటంటే, వేడి వల్ల అయితే అన్ని స్వరాలూ కలిసికట్టుగా పైకి పోతాయి, నాదం మాత్రం శుభ్రంగా ఉంటుంది. జారడం వల్ల అయితే స్వరం మధ్యలో కదులుతుంది, నాదంలో గాలి శబ్దం కలుస్తుంది. ఫ్లూట్ మీ వైపుకి తిరిగితే పెదవి రంధ్రాన్ని ఎక్కువ మూసి శ్రుతి తగ్గుతుంది, అవతలికి తిరిగితే పెరుగుతుంది. కాస్త తిరిగినా చెవికి తెలిసిపోతుంది. వేడికి పెరిగిందని మీరు లోపలికి తిప్పి వాయిస్తూ, చెమటకి అది ఇంకాస్త లోపలికి తిరిగి, చివరికి శ్రుతి తగ్గిపోయి, వయొలిన్ ఆయన మీ వైపు అదోలా చూడటం, ఇదంతా స్టేజ్ మీద జరిగేదే. శ్రుతి బాక్స్‌ని ఫ్లూట్‌కి తగ్గట్టు కొంచెం పెంచుకుని పక్కవాళ్ళకి ముందే చెప్పేస్తే సగం గొడవ పోతుంది.

పౌడర్ రాసుకోవచ్చా?

ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు రాసుకుని, స్టేజ్ ఎక్కేముందు పూర్తిగా తుడిచేస్తానంటే సరే. వాయించేటప్పుడు గడ్డం మీద ఉంటే మాత్రం పది నిమిషాల్లో చెమటతో కలిసి పేస్ట్ అయిపోతుంది, అది ఊదే రంధ్రం అంచుకి పడుతుంది. ఆ అంచు మీదే గాలి చీలి నాదం పుట్టేది, అక్కడ ఏం పేరుకున్నా నాదం మొద్దుబారుతుంది.

పటిక పనిచేస్తుందా? మా తాతగారు చెప్పారు.

కొంచెం పనిచేస్తుంది. మంగలి షాపులో గడ్డం గీశాక రాసే పటికే. అందులో ఉండేది అల్యూమినియం లవణం, చెమట తగ్గించే డియోడరెంట్లలో వాడేవీ అల్యూమినియం లవణాలే. తడిపిన పటిక గడ్డం మీద ఒకసారి రుద్ది ఆరనిచ్చి మెత్తటి గుడ్డతో తుడిస్తే కాసేపు చర్మం బిగుతుగా, పొడిగా ఉంటుంది. పెదవికి తగలనివ్వద్దు, పెదవి ఎండిపోతే ఊదడమే కష్టం, రుచి కూడా ఘోరం. అప్పుడే షేవ్ చేసుంటే మండుతుంది. చంకల్లో వాడే స్ప్రేలు, రోలాన్లు మాత్రం నోటి దగ్గర వాడొద్దు.

నా ఓటు అయితే వీటన్నిటికంటే మామూలు సబ్బుకే. ప్రోగ్రాంకి ముందు ముఖం కడుక్కుని, గడ్డం దగ్గర జిడ్డు పోయేదాకా తుడుచుకుని, ఆ తర్వాత ఏమీ రాయకండి. ఫ్లూట్ మీద ఊదే రంధ్రం చుట్టూ కూడా పొడిగుడ్డతో తుడవండి, పాత జిడ్డు అక్కడ పొరలా ఉంటుంది, ఎవరూ చూడరు.

వెదురు మీద టేప్ అంటించొచ్చా?

అంటించొచ్చు, మెడికల్ షాపులో దొరికే కాగితం లాంటి తెల్ల టేప్, మైక్రోపోర్ అంటారు, అది బెటర్. గడ్డం ఆనే వైపు చిన్న ముక్క, ఊదే రంధ్రం అంచుకి 2, 3 మిల్లీమీటర్లు దూరంగా. అంచు మీదకి అస్సలు రాకూడదు. ప్రోగ్రాం అయిపోయాక ఆ రోజే తీసెయ్యండి, రోజుల తరబడి ఉంచితే జిగురు వెదురుకి పట్టేసి వార్నిష్‌తో సహా ఊడొస్తుంది. సెల్లో టేప్, ప్లాస్టిక్ ఇన్సులేషన్ టేప్ వద్దు, అవి చెమటకి ఇంకా జారతాయి. గరుకు కాగితం పెట్టి వెదురుని గీకుదాం అనే ఐడియా ఎవరైనా ఇస్తే దండం పెట్టి పంపించెయ్యండి, చెయ్యి జారి అంచు అరిగిందంటే ఆ ఫ్లూట్ ఇంక అంతే.

మాది సిల్వర్ ఫ్లూట్. దానికేంటి మార్గం?

వెస్టర్న్ ఫ్లూట్ వాళ్ళకి పాత చిట్కా ఒకటుంది, పెదవి ఆనే ప్లేట్ మీద పోస్టల్ స్టాంప్ అంటిస్తారు. వెనక తడిపితే అంటుకునే స్టాంప్ అయితే తర్వాత నీళ్ళతో వచ్చేస్తుంది, లోహానికి ఏమీ కాదు. కాగితం చెమటని కొంచెం పీల్చుకుంటుంది, కొంచెం గరుకు కూడా. ఇప్పుడు యమహా లాంటి కంపెనీలు దీనికోసమే పల్చటి స్టిక్కర్లు అమ్ముతున్నాయి. ప్లేట్ మీద పూలతీగలు చెక్కినవి ఉంటాయి, అవి అందానికే అనుకుంటాం గానీ పట్టు కూడా ఇస్తాయి.

ఇంకోటి, ఆ ఫ్లూట్‌కి కడ్డీలు, కీలు అన్నీ వాయించేవాళ్ళ వైపు ఉంటాయి కాబట్టి బరువు ఎప్పుడూ లోపలికే లాగుతుంది, తడి గడ్డం మీద లోపలికి దొర్లుతుంది. మన వెదురుకి ఆ బాధ లేదు, అది దొర్లేది వేళ్ళ దెబ్బకే.

మా అమ్మాయి టెక్సాస్‌లో స్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో ఫ్లూట్ వాయిస్తుంది. ఆగస్టు ఎండలో ప్రాక్టీస్, అసలు నిలవట్లేదంటుంది.

నడుస్తూ వాయించడం కాబట్టి కష్టం ఎక్కువే. పైన చెప్పిన స్టాంపో మెడికల్ టేపో వాడమనండి, చేతికి టవల్ గుడ్డ రిస్ట్ బ్యాండ్ ఒకటి, బ్రేక్‌లో గడ్డం, ప్లేట్ రెండూ తుడవాలి. ఒకటి తుడిచి ఇంకోటి వదిలేస్తే లాభం లేదు. సన్‌స్క్రీన్ ముఖమంతా రాసి కింది పెదవి కింద ఆ గుంట వరకూ వదిలెయ్యమనండి, చాలాసార్లు జారేది చెమటకి కాదు, ఆ క్రీముకి. ఫ్లూట్‌ని కారులో మాత్రం వదలొద్దు, ఆ వేడికి కీల కింద ప్యాడ్‌లు పాడవుతాయి, రిపేరు ఖర్చు మామూలుగా ఉండదు.

కచేరీ మధ్యలో ఎప్పుడు తుడుచుకోవాలి? అస్తమానం తుడుచుకుంటే బాగోదు కదా.

మన కచేరీ పద్ధతిలోనే దానికి చోటుంది. రాగం ఆలపించాక వయొలిన్‌కి వదులుతాం, అప్పుడు హాయిగా తుడుచుకోవచ్చు. తని ఆవర్తనం, అంటే మృదంగం వాళ్ళు విడిగా వాయించే భాగం అయితే ఇంక చెప్పక్కర్లేదు, ఫ్లూట్ కూడా శుభ్రంగా తుడుచుకుని నీళ్ళు తాగి తాళం వేస్తూ కూర్చోవచ్చు. అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన దగ్గరే ఇబ్బంది, మీరొక ఆవర్తనం (తాళం ఒక చుట్టు), వయొలిన్ ఆయనొక ఆవర్తనం, చిన్నగా అయ్యేకొద్దీ టైం ఉండదు, అందుకని దానికి ముందే, నెరవులో, అంటే పాటలో ఒక్క పంక్తినే రకరకాలుగా వాయించే చోట, వయొలిన్ వంతు వచ్చినప్పుడు తుడిచేసుకోవాలి. సోలో కాకుండా డాన్స్‌కి వాయించేవాళ్ళకి ఈ సుఖం లేదు, కూచిపూడి ప్రోగ్రాంలో జతుల (తాళం మాటలు చెప్పే చోటు) దగ్గర దొరికినంత దొరికినట్టే.

నూలు తువ్వాలు కుడి మోకాలి మీద పెట్టుకోండి. కొత్త గుడ్డ చెమట పీల్చదు, నాలుగైదుసార్లు ఉతికింది తెచ్చుకోండి. పట్టు కండువాతో తుడిస్తే చెమట అటూ ఇటూ పాముకుంటుందే తప్ప పోదు. రుద్దొద్దు, అద్దండి. రుద్దితే చర్మం కంది ఇంకా చెమట పడుతుంది.

ఫ్యాన్ పెట్టించుకోవచ్చా?

పెట్టించుకోండి కానీ ముఖానికి ఎదురుగా వద్దు. పెదవుల నుంచి వచ్చే సన్నటి గాలిని ఫ్యాన్ గాలి పక్కకి కొట్టేస్తుంది, నాదం రాదు, ఏమైందో అర్థం కాక ఇంకా చెమట పడుతుంది. వెనక నుంచో, ఎడమవైపు కింద నుంచో వీపుకి తగిలేలా పెట్టించండి. మైక్‌కి గాలి తగలకుండా చూస్కోమని సౌండ్ ఆయనకి ముందే చెప్పాలి, లేదంటే కచేరీ అంతా తుఫాను శబ్దం.

మీసం, గడ్డం ఉంటే ఇబ్బందా?

మీసం సంగతి వేరు, అందులో నిలిచిన చెమట బొట్టుగా కారి గాలి దారిలో పడుతుంది, కత్తిరించుకుంటే చాలు. గడ్డం పెంచినవాళ్ళలో కొందరికి జారడం తక్కువే, వెంట్రుకలు కొంచెం పట్టిస్తాయి. రెండు రోజుల గరుకు గడ్డం అయితే ఇంకా మేలని కొందరంటారు, కానీ పెదవి కింద గుచ్చుకుంటుంది. అయ్యప్ప దీక్షలో ఉన్నవాళ్ళు అడుగుతుంటారు, అది చలికాలమే కాబట్టి మీకు దిగులక్కర్లేదు.

లిప్‌స్టిక్, మేకప్?

స్టేజ్ మేకప్ తప్పదంటే పెదవి కింద గుంట వరకు వదిలేసి వెయ్యమనండి, దూరం నుంచి ఎవరికీ తెలీదు. లిప్ బామ్ మాత్రం వాయించే ముందు వద్దు.

పొడుగు ఫ్లూట్ అయితే ఎక్కువ జారుతుందా?

జారుతుంది. పొడుగు పెరిగేకొద్దీ బరువు కుడి చివర ఎక్కువ, కుడిచేతి దగ్గర కొంచెం కదిలినా గడ్డం దగ్గర తిప్పేస్తుంది. మామూలుగా మొదలుపెట్టేవాళ్ళకి 5 శ్రుతి చిన్న ఫ్లూట్ ఇస్తారు, అది చేతిలో ఇమిడిపోతుంది. బాన్సురీని పొడుగ్గా చేసి కచేరీ వాయిద్యంగా నిలబెట్టింది పన్నాలాల్ ఘోష్ గారు, మన వైపు కచేరీల్లో పొడుగు ఫ్లూట్ బాగా వినిపించింది ఎన్. రమణి గారు. ఆ నాదం విని అందరూ ముందే పొడుగుది కొనేస్తారు. చిన్నదాంట్లో తడి గడ్డంతో గాంధారం కదలకుండా నిలిచాక కొనుక్కోండి, తొందరేముంది.

వేళ్ళకి కూడా చెమటే. దానికేం చెయ్యాలి?

హోల్స్ మీద కొంచెం తడి ఉంటే నష్టం లేదు, బాగా ఎండిన వేళ్ళకంటే కొంచెం తడి వేళ్ళే హోల్‌ని బాగా మూస్తాయి. ఇబ్బంది అంతా కుడి బొటనవేలుతో, అది జారితే అన్నీ పోతాయి. బొటనవేలు ఆనే చోట నూలు దారం ఒకే వరసలో దగ్గరగా చుట్టండి, హోల్స్ మీదకి రాకుండా. కొన్ని ఫ్లూట్లకి పగలకుండా దారం కట్లు వేసే అమ్ముతారు, కట్టు మీద బొటనవేలు పడేలా ఉన్నది దొరికితే అదే తీసుకోండి.

చెమట వల్ల వెదురు పాడవుతుందా?

వెంటనే ఏం కాదు, తుడవకుండా సంచిలో పెట్టేస్తే బూజు పడుతుంది, వాసన వస్తుంది. వాయించాక లోపలా బయటా తుడిచి నీడలో ఆరనివ్వండి, ఎండలో వద్దు. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, వెదురెంత. ఏసీ హాలు నుంచి తీసి నేరుగా ఎండలోకి తేవడం, బండి డిక్కీలో పెట్టడం, ఇవి చెమటకంటే పెద్ద శత్రువులు. నూనె రాసే అలవాటున్నవాళ్ళు ప్రోగ్రాంకి ముందు రోజు రాయొద్దు, రాసినా లోపలే పల్చగా, ఊదే రంధ్రం దగ్గర తుడిచేసి.

గడ్డం మీద నల్ల మచ్చ, దురద వస్తోంది.

వెదురు అయితే మామూలుగా చెమటకాయలే, తుడుచుకుని ఆరనిస్తే తగ్గిపోతాయి. సిల్వర్ ఫ్లూట్ అయితే రెండు కారణాలు. వెండి చెమటకి నల్లబడి ఆ నలుపు చర్మానికి అంటితే సబ్బుకి పోతుంది, అది ప్రమాదం కాదు. దురద, ఎర్రటి దద్దుర్లు అయితే నికెల్ పడట్లేదేమో చూడాలి. తక్కువ ధర ఫ్లూట్లు కొన్నిటికి నికెల్ పూతే ఉంటుంది, వెండి పూత ఉన్నవాటిలో కూడా కింద ఉండేది మామూలుగా మన పూజ సామాన్లకి వాడే జర్మన్ సిల్వర్, అంటే రాగి, నికెల్, జింకు కలిసినది, పూత అరిగితే అది బయటపడుతుంది. టేప్ అంటిస్తే లోహం చర్మానికి తగలదు, జారడమూ తగ్గుతుంది. అయినా తగ్గకపోతే చర్మం డాక్టర్‌కి చూపించండి, ఫ్లూట్ కూడా తీసుకెళ్ళండి, చూపించకపోతే ఆయన సబ్బు మార్చమంటాడు.